ఎటు నుంచి చూసినా ఒకటే రంగు

రంగుల విషయంలో నాతో పంతానికి వచ్చి గెలిచినవాళ్ళు లేరు. ఇది గొప్ప కోసం చెప్పుకోవడం కాదు, నాకు తిండి పెట్టేదే అది. శాలువాలు, కోట్లు, స్వెట్టర్లు అమ్మే ఒక పెద్ద బట్టల కొట్టువాళ్ళు ఏటా చలికాలానికి కేటలాగు వేస్తారు. ఫోటోగ్రాఫరు తీసిన బొమ్మలూ, అసలు బట్ట ముక్కలూ నా దగ్గరికి వస్తాయి. ముక్కని పక్కన పెట్టుకుని, బొమ్మలో రంగు అచ్చం దానిలాగే వచ్చేదాకా కంప్యూటర్లో దిద్దడం నా పని. వంకాయ రంగుకీ నేరేడు రంగుకీ తేడా ఏముందిలే అనుకునేవాళ్ళకి ఈ పని అబ్బదు. వంకాయ రంగు శాలువా చూసి మనసుపడ్డవాళ్ళకి ఇంటికి నేరేడు రంగుది వస్తే, మర్నాడే కొట్టు ముందు నిలబడి దులిపేస్తారు. చలికాలపు కేటలాగే గానీ, పని మాత్రం నడివేసవిలో చెమటలు కక్కుకుంటూ చెయ్యాలి.

ఆ వేసవి మొదట్లోనే నా పాత మానిటరు పోయింది. ముందు ఓ మూల పసుపు మచ్చ, తరవాత అడ్డంగా గీతలు, ఆ తరవాత చీకటి.

ఆ మానిటరు నాదొక్కదానిదే కాదు, మా ఆయనది కూడా. ఆయన లిఫ్టు మెకానిక్కు. తెల్లారగానే వెళ్ళి, లిఫ్టులు తిరిగే ఆ చీకటి గోతుల్లో వేలాడి, సాయంత్రానికి గ్రీజు చేతులతో ఇంటికొస్తారు. స్నానం చేసి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని తుపాకుల ఆటకి కూర్చుంటారు. తలో చోటా ఉన్న ఐదుగురు కలిసి ఒక జట్టు. మిగతా నలుగురూ పాతికేళ్ళ కుర్రాళ్ళు, ఈయన వాళ్ళకి కెప్టెను. పనిలో సూపర్‌వైజరు ఏమన్నా తలాడించే మనిషి, ఆటలో మాత్రం "ఎడమకి రా! ఆగు! ఇప్పుడు వెయ్యి!" అని ఇల్లెగిరిపోయేలా కేకలు పెట్టేవారు. నాకు నవ్వూ వచ్చేది, ముచ్చటా వేసేది. మా అత్తయ్య మాత్రం, "మీసాలు నెరుస్తున్నాయి, ఇంకా ఆ తుపాకీలేంట్రా నీకు?" అని సాధించేవారు. చెవులు మూసుకున్నవాడికి వినపడితే కదా!

కొత్త మానిటరు కోసం ఇద్దరం కలిసే వెళ్ళాం. కొట్టులో అమ్మే అతను మాటకారి. మూడు మానిటర్లు వరసగా వెలిగించి చూపించాడు.

"ఇది టీఎన్ రకం అండీ. ఆటలకి దీన్ని మించింది లేదు, కన్ను ఆర్పేలోపు బొమ్మ మారిపోతుంది. రంగుల సంగతి మాత్రం అడక్కండి, తల కాస్త పైకెత్తితే ఒక రంగు, దించితే ఒక రంగు. ఇది వీఏ. నలుపు కాటుకలా ఉంటుంది గానీ, బొమ్మ కదిలితే వెనకాల నీడలా సాగుతుంది. ఇదిగో, ఇది ఐపీఎస్. ఎటు నుంచి చూసినా ఒకటే రంగు. మనుషులకన్నా నయం!" అని తన జోకుకి తనే నవ్వాడు.

రంగూ వేగమూ రెండూ ఉన్న ఐపీఎస్ కూడా ఉందన్నాడు గానీ, అది మా అంతస్తుకి మించిన వస్తువు. మాకు అందేది ఏదో ఒకటే.

"కుర్రాళ్ళు నన్ను తాత అంటున్నారోయ్," అన్నారు మా ఆయన, టీఎన్ వైపే చూస్తూ. "నేను తుపాకీ ఎత్తేలోపు అవతలివాడు కాల్చేస్తున్నాడు. మానిటరు స్లో."

"స్లో అయింది మానిటరో, మనిషో ముందు చూసుకోండి," అన్నాను.

అమ్మే అతను పకపకా నవ్వాడు. మా ఆయనా నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చూసి కూడా నేను పట్టించుకోలేదు.

"సరే, ఐపీఎస్సే తీసుకుందాం. అన్నం పెట్టేది నీ పనేగా," అన్నారాయన. అంతలో మేడమ్ ఫోన్ చేసింది. మేడమ్ అంటే ఆ బట్టల కొట్టు యజమానురాలు, కేటలాగంతా ఆవిడే దగ్గరుండి చూసుకుంటుంది. లోపల రొదలో వినపడక బయటికి వెళ్ళి మాట్లాడాను. తిరిగి వచ్చేసరికి బిల్లయిపోయింది, డబ్బా ఆయన భుజం మీద ఉంది.

"ఐపీఎస్సేనా?"

"ఐపీఎస్సే."

డబ్బా విప్పింది ఆయనే, తీగలు బిగించింది ఆయనే. ఆ సాయంత్రం కుర్రాళ్ళతో ఆడుతూ, "ఎవడ్రా తాత?" అని అరుస్తుంటే నేనూ వంటింట్లోంచి నవ్వాను.

కేటలాగు మొదటి విడత దిద్ది పంపాను. నమూనా అచ్చు చూడడానికి మేడమ్ నన్ను ప్రెస్సుకి రమ్మంది. బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. వంకాయ రంగు శాలువా బురద నీళ్ళలో ముంచి తీసినట్టుంది. బూడిద రంగు కోటు మీద పాచి పట్టినట్టు పచ్చటి ఛాయ. అచ్చులోని అమ్మాయిల మొహాలు కూడా కామెర్లొచ్చినట్టున్నాయి.

"ఏంటిది?" అంది మేడమ్. ప్రెస్సాయన వైపు చూసి అంది.

ఆయన పెద్దవాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అమ్మా, మీరు పంపిందే నా మిషన్లోంచి వస్తుంది. నేను కలిపేదీ లేదు, తీసేదీ లేదు," అన్నాడు నాతో.

"నేను ముక్క పక్కన పెట్టుకుని దిద్దానండీ. నా దగ్గర సరిగ్గానే ఉంది. మీ ఇంకు చూసుకోండి ముందు," అన్నాను. పది మంది పనివాళ్ళ ముందు అన్నాను. ఆయన మిషను కడిగించి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే బురద. మేడమ్ కాగితాలు బల్ల మీద పడేసి, "ఇన్నేళ్ళ నుంచి మీ దగ్గరే వేయిస్తున్నందుకు బాగా బుద్ధి చెప్పారు," అని పని తీసుకెళ్ళి ఇంకో ప్రెస్సుకి ఇచ్చింది. నేను ఆవిడ వెనకాలే తలెత్తుకుని నడిచాను.

ఆ ఇంకో ప్రెస్సులోనూ అదే బురద వచ్చింది.

అప్పుడు మొదలైంది భయం. ఇంట్లో మానిటరు ముందు కూర్చుని, ముక్క పక్కన పెట్టుకుని చూశాను. సరిగ్గానే ఉంది. నడుం నొప్పి పుట్టి కుర్చీలో కిందకి జారితే, అదే శాలువా నల్లబడింది. నిటారుగా కూర్చుంటే మళ్ళీ మామూలు. అత్తయ్య నా వెనకాల నిలబడి ముక్కని చేత్తో పట్టుకున్నారు.

"ఇది ఇంత నిండుగా ఉంటే, అందులో అంత వెలిసిపోయి ఉందేంటే?"

"ఎక్కడ వెలిసిపోయింది అత్తయ్యా? ముమ్మూర్తులా ఒక్కలాగే ఉంది."

"నాకు అరవై దాటాయి గానీ కళ్ళు దొబ్బలేదు. లేచి చూడు."

లేచి నిలబడ్డాను. వెలిసిపోయింది. కూర్చున్నాను. నిండుగా ఉంది. అది ఐపీఎస్, ఎటు నుంచి చూసినా ఒకటే రంగు. అది మారదు. మరి మారుతున్నదేమిటి? మా అమ్మకి ఇంచుమించు నా వయసులోనే చూపు పోవడం మొదలైంది. ఆవిడకి ముందు పోయినవి రంగులే. ఆకుపచ్చ చీర కట్టుకుని, "ఈ నీలం చీర నాకు బాగుందా?" అని అడిగిన రోజు నేను పక్కనే ఉన్నాను. నాకూ వచ్చేసిందనుకున్నాను.

మా ఆయనతో చెప్పి ఏడిచాను. ఆయన మొహం పాలిపోయింది. నా మీద ప్రేమ వల్ల అనుకున్నాను. సెలవు పెట్టి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చున్నారు. డాక్టరమ్మ చుక్కల బొమ్మలు ఒక్కొక్కటే తిప్పుతుంటే, అందులో దాగిన అంకెలు గబగబా చెప్పేశాను. లైటు వేసి లోపల కూడా చూసింది.

"మీ కళ్ళు నిక్షేపంలా ఉన్నాయమ్మా. ఒక్కటి కూడా తప్పలేదు. మీ కంప్యూటరు స్క్రీనులో ఏమైనా తేడా ఉందేమో చూసుకున్నారా?"

"లేదండీ, అది కొత్తది. ఐపీఎస్. ఎటు నుంచి చూసినా ఒకటే రంగు కనిపిస్తుంది." ఆయన వైపు తిరిగి, "అంతే కదండీ?" అన్నాను.

"ఊఁ," అన్నారాయన.

"అయితే అలసటేమో. కొన్నాళ్ళు స్క్రీను తగ్గించండి. కళ్ళు పొడిబారకుండా చుక్కల మందు రాస్తాను. అప్పటికీ తగ్గకపోతే నరాల డాక్టరుకి చూపిద్దాం," అంది డాక్టరమ్మ. నరాలు అనేసరికి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆ తరవాత ఆయన నన్ను చూసుకున్న తీరు చెప్పాలి. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఎరగని సేవ. పొద్దున్న వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం రాగానే ఒకసారి, నా తల ఒళ్ళో పెట్టుకుని కళ్ళలో మందు వేసేవారు. గ్రీజు మరకలు పోవాలని చేతులు రుద్ది రుద్ది కడుక్కుని మరీ వచ్చేవారు. రెప్ప వేలితో నెమ్మదిగా పైకెత్తి, చుక్క వేసి, చెంప మీదికి జారింది తన చొక్కాతో తుడిచేవారు. "మండుతోందా?" అని అడిగేవారు. నాకు మందు కన్నా ఆ మాటకే నీళ్ళొచ్చేవి. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "నా కొడుకు బంగారం," అనేవారు. నేనూ అవుననేదాన్ని.

పనికి సగం దూరమయ్యాను. మేడమ్‌తో, "ఒంట్లో బాగాలేదు, కాస్త ఆగండి," అని చెప్పాను. ఆవిడ ఆగుతుంది గానీ చలికాలం ఆగదు కదా.

ఒక సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుని వచ్చేసరికి, ఆయన ఆటలో ఉన్నారు. వాళ్ళ జట్టు ఏదో టోర్నమెంటులో చివరి దశకి చేరింది, ఇల్లంతా అదే గోల. నా అడుగుల చప్పుడు ఆయనకి వినపడలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో కూడా తెలియదు.

"లేదురా, ఇప్పుడు మార్చలేను," అంటున్నారు. "ఐపీఎస్ అని చెప్పి ఇది తెచ్చాను. ఇది టీఎన్ అని ఇప్పుడు చెప్తే నన్ను నిలువునా చీరేస్తుంది. ఆవిడేమో కళ్ళు పోతున్నాయని కూర్చుంది పాపం." అవతల ఎవరో ఏదో అన్నారు. ఈయన నవ్వారు. పెద్ద నవ్వేమీ కాదు, ముక్కులోంచి వచ్చే చిన్న నవ్వు. "టోర్నమెంటు కానీరా. అయ్యాక ఏదో ఒకటి చెప్పి మార్చేస్తా. సరే సరే, వస్తున్నాడు, కుడివైపు చూడు!"

ముందు నాకు సంతోషం వేసింది. నిజం. నా కళ్ళు బాగున్నాయి! అమ్మ జబ్బు నాకు రాలేదు! బట్టల మూట గుండెకి అదుముకుని ఆ గుమ్మంలోనే గెంతాలనిపించింది. ఆ వెంటనే, ఎవరో నా ఒంటి మీది బట్ట లాగేసినంత సిగ్గు ముంచుకొచ్చింది. తప్పు చేసింది ఆయన. అయినా దొంగలా చప్పుడు లేకుండా వెనక్కి నడిచింది నేను. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఎందుకు తిప్పానో తెలియక నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను.

అడిగెయ్యొచ్చు కదా అంటారు మీరు. నోరున్న దాన్నే, కూరలో ఉప్పు తక్కువైందని ఆయన అంటే వీధి చివరి దాకా వినపడేలా సమాధానం చెప్పగలను. కానీ ఇది అడిగితే ఆయన అవునంటారు. అవునన్నాక ఆ మొహం చూస్తూ నేను ఏం చెయ్యాలి? నా రెప్పలెత్తి మందు వేసిన ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోమనాలి? ఆ సాయంత్రం కూడా ఆయన సీసా పట్టుకుని వచ్చారు. నేను తల ఆయన ఒళ్ళో పెట్టాను. "మండుతోందా?" అన్నారు. "లేదు," అన్నాను. కళ్ళు తెరిచే ఉండాలి కాబట్టి ఆయన మొహం చూడక తప్పలేదు.

వారం తిరక్కుండానే మేడమ్ ఇంటికి వచ్చింది. ముందుగా కబురైనా లేదు. ఆదివారం, ఆయన ఇంట్లోనే ఉన్నారు. టీ పెడతానని ఆయనే వంటింట్లోకి వెళ్ళారు. అత్తయ్య పక్కన కుర్చీలో కూర్చున్నారు.

"చూడమ్మాయ్," అంది మేడమ్, "మన మధ్య దాపరికాలొద్దు. రెండు ప్రెస్సుల్లోనూ ఒకటే వచ్చింది. పాత ప్రెస్సాయన్ని నానా మాటలూ అన్నాను. ఇప్పుడు ఆయన్నే వెళ్ళి బతిమాలాలి. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో నాకు తెలియాలి. తప్పు ఆయన మిషన్లో ఉందా, నీ దగ్గరుందా?"

మానిటరు తేడా అండీ. ఆ ఒక్క మాట చాలు. కానీ అక్కడితో ఆగదు. నువ్వు చూసి కొనలేదా అంటుంది. మా ఆయన కొన్నారంటాను. ఆయనకి చెప్పలేదా అంటుంది. అప్పుడు? మొగుడు అబద్ధమాడి తుపాకుల ఆట కోసం పెళ్ళాం పొట్ట కొట్టాడని ఆవిడ కొట్టులో, ప్రెస్సులో, అందరూ చెప్పుకుని నవ్వుకుంటారు. కళ్ళు బాగాలేవని చెబితే, రంగులు దిద్దే పని ఇక ఎవరూ ఇవ్వరు. అది కూడా నాకు బాగా తెలుసు.

ఆయన టీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చారు.

"తప్పు నాదే మేడమ్," అన్నాను. "నా కళ్ళు బాగాలేవు. డాక్టరు అదే చెప్పింది. ప్రెస్సాయనకి నా తరఫున కూడా క్షమాపణ చెప్పండి. నేనూ వెళ్ళి చెప్తాను."

మా ఆయన గుమ్మంలోనే ఆగారు. డాక్టరమ్మ ఏం చెప్పిందో ఆయన చెవులతో విన్నారు. నేనెందుకిలా అంటున్నానో ఆయనకి అర్థమైపోయింది. అది ఆయన మొహంలో స్పష్టంగా కనిపించింది. నేను ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు చెబుతారు. మేడమ్, ఆవిడ కళ్ళకేం కాలేదు, నేనే, అంటారు. పళ్ళెం బల్ల మీద పెట్టారు. గ్లాసు ఆవిడ చేతికిచ్చారు.

"చక్కెర సరిపోయిందా మేడమ్?" అన్నారు.

"సరిపోయింది," అందావిడ.

"పాపం, వాడే రెండు పూటలా దాని కళ్ళలో మందు వేస్తున్నాడమ్మా," అన్నారు అత్తయ్య. "కన్నతల్లి కూడా అంత చెయ్యదు."

మేడమ్ నా చెయ్యి నిమిరింది. "ఆ విషయంలో అదృష్టవంతురాలివి," అంది.

ఆయన చెప్పలేదు సరే. చెబుతారని అంతసేపు ఆయన మొహంలోకి ఆశగా చూశాను చూడండి, అందుకు నాకు చచ్చేంత సిగ్గేసింది.

మేడమ్ బట్ట ముక్కల సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆయన గ్లాసులు కడిగి బోర్లించి వచ్చారు. నా వైపు చూడకుండా, "ఈ మానిటరు మార్చేద్దామా?" అన్నారు.

"ఎందుకు?"

"నీకు... కళ్ళకి హాయిగా ఉంటుందని."

"నా కళ్ళకి ఇప్పుడు చేసే పనేముంది? మీరు ఆడుకోండి," అన్నాను.

ఆ రోజు ఆడలేదు. మర్నాడు ఆడారు. చుక్కల మందు ఆయన తేలేదు, నేను అడగలేదు. ప్రెస్సాయన దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడిగాను. "కళ్ళకి మనమేం చేస్తామమ్మా, జాగ్రత్తగా వెళ్ళండి," అని రోడ్డు దాటించబోయాడు. నేనూ దాటించుకున్నాను, ఏం చెయ్యను!

వానలు పడేముందు టోర్నమెంటు అయిపోయింది. వాళ్ళే గెలిచారు. కప్పు పట్టుకుని ఆ నలుగురు కుర్రాళ్ళూ మా ఇంటికి వచ్చారు. అన్నాళ్ళూ హెడ్‌ఫోన్లలో గొంతులే, మనుషుల్ని చూడడం అదే మొదలు. పల్చటి మీసాల కుర్రాళ్ళు, వరసగా కూర్చుని బుద్ధిగా టీ తాగుతున్నారు. అత్తయ్య కప్పుని కొంగుతో తుడుస్తున్నారు. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుని, నిజంగా కెప్టెన్‌లాగే ఉన్నారు.

వాళ్ళలో చిన్నవాడు, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అన్నట్టు, "వదినా, మీ కళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు.

పక్కవాడు మోచేత్తో పొడిచాడు. ఇంకొకడు గ్లాసులోకి తల దించుకున్నాడు. ఎవరికీ తెలియకూడదని నేను నా పని వదులుకుని దాచిపెట్టిన సంగతి, నా ఇంట్లో నా టీ తాగుతున్న ఈ పిల్లలందరికీ తెలుసు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. గదిలో అత్తయ్య తప్ప ఎవరూ ఎవరి మొహమూ చూడడం లేదు.

"బాగానే ఉన్నాయి నాయనా," అన్నాను. "చక్కెర సరిపోయిందా?"